పన్నెండో వారం బీపీ

గుర్రపువాతం అంటే పాతకాలంలో కాన్పు వేళ వచ్చే మూర్ఛే. దానికి ముందు కాళ్ళూ మొహమూ ఉబ్బినా, తలపోటు వచ్చినా, చూపు మసకేసినా చూలాలికి అవన్నీ మామూలే అనుకునేవారు. లండన్‌లో గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ 1843లో ఇలాంటి గర్భిణుల మూత్రంలో అల్బుమిన్ ఉందని గుర్తించాడు. 1896లో రివా-రోచీ రక్తపోటు పరికరం, 1905లో కొరోత్కోవ్ స్టెతస్కోపుతో వినే పద్ధతి వచ్చాకే మూర్ఛకు ముందు బీపీ పెరగడం అందరి లెక్కకూ అందింది.

కృష్ణా డెల్టాలో అప్పటికి కాన్పులు ఇళ్ళలోనే. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. 1946లో గుంటూరులో, 1980లో విజయవాడలో వైద్య కళాశాలలు వచ్చాయి.

ఈ మూర్ఛకు మందు మాత్రం అందరికీ తెలిసిందే: మెగ్నీషియం సల్ఫేట్, మన ఇళ్ళలో విరేచనాలకు వాడిన భేది ఉప్పు. ఇది మిగతా మందులకన్నా మూర్ఛను బాగా ఆపుతుందని 1995లో, రాకుండానే అడ్డుకుంటుందని 2002లో అంతర్జాతీయ పరిశోధనలు తేల్చాయి. రెండో దానిలో 33 దేశాల నుంచి పదివేల మందికి పైగా గర్భిణులున్నారు. ఇంజెక్షన్ ఇచ్చాక నర్సు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూస్తుంది. కాలు ఎగరకపోతే తర్వాతి డోసు ఆపేస్తారు. నిమిషానికి ఎన్ని శ్వాసలు, గంటకు ఎంత మూత్రం అన్నవీ రాసుకుంటారు.

2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కి దిగింది. 2005లో మొదలైన 108 అంబులెన్సుకీ ఇందులో వాటా ఉంది. కానీ అంబులెన్సు ప్రమాదం ముదిరాకే వస్తుంది. ముందునుంచే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్న తల్లి విషయంలో అసలు చిక్కు అంతకు చాలా ముందుంది.

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలో కిడ్నీ జబ్బు ఎన్నేళ్ళుగానో ఉంది. అలాంటి జబ్బున్న స్త్రీకి గర్భానికి ముందే మూత్రంలో ప్రొటీన్ పోతూ ఉండవచ్చు. ఎనిమిదో నెలలో అది కనిపిస్తే పాతదా, కొత్తదా? మొదటి నెలల్లో చేయించిన క్రియాటినిన్, ప్రొటీన్ లెక్కలు లేకపోతే వైద్యుడు దేనితో పోల్చాలి? బీపీదీ ఇదే గొడవ. నాలుగైదు నెలల్లో అది సహజంగానే కొంత తగ్గుతుంది కనుక పాత రక్తపోటు దాక్కుంటుంది. ఇరవై వారాల లోపే ఎక్కువుంటే పాతది, ఆ తర్వాతే పెరిగితే గర్భంతో వచ్చిందని లెక్క. పాత బీపీ ఉన్నవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి, మూర్ఛకు దారితీసే ప్రీఎక్లాంప్సియా తోడవుతుంది. 140/90 దాటగానే మందు మొదలుపెడితే మేలేనని 2022లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. ప్రీఎక్లాంప్సియా రాకుండా ఇచ్చే తక్కువ మోతాదు ఆస్పిరిన్ పదహారో వారం లోపు మొదలైతేనే ఎక్కువ ఫలం.

మనకేమో ఏడో నెలలో చలిమిడి పెట్టి పుట్టింటికి తీసుకెళ్ళే ఆచారం. తొలి నెలల బీపీ హైదరాబాదులో ఎవరో చూసి ఉంటారు, పురుడేమో గుడివాడలోనో, అవనిగడ్డలోనో. ఆచారం మంచిదే, తల్లి చేతి అన్నం కన్నా మందేముంది! కాకపోతే తల్లీబిడ్డల కార్డు అత్తింటి బీరువాలో ఉండిపోతే గుడివాడ డాక్టరమ్మకు ఆ అమ్మాయి కొత్త రోగే. కార్డు వెంట తెచ్చుకున్నా, అప్పటికి ఆస్పిరిన్ మొదలుపెట్టే వేళ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.