రోట్లో తల పెట్టినవాళ్ల ముచ్చట

కూర్చో నాయనా. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోదు. మంట ఇంకా సరిగా రాజుకోలేదు, రెండు తాటాకులు వెయ్యి. నువ్వు రాసిన కోడ్ చూసి ఎవరో ఏదో అన్నారని పొద్దున్నుంచీ మొహం ముడుచుకుని కూర్చున్నావట, అన్నం కూడా కెలికి వదిలేశావట. మీ అమ్మ చెప్పింది. అందుకే పిలిచాను.

మా రోజుల్లో లైనక్స్ అంటే ఇప్పట్లా ఒక్క నొక్కుతో దిగేది కాదు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది చూడు, అక్కడికి వెళ్లి ఫ్లాపీలు పెట్టెల లెక్కన కొనేవాళ్లం. ఒక్కోదాంట్లో 1.44 ఎంబీ పట్టేది. నీ ఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా అందులో ఇమడదు. ఇరవై ఫ్లాపీలు వరసపెట్టి ఎక్కించుకుంటూ పోతే, సరిగ్గా పంతొమ్మిదోది చెడిపోయి ఉండేది. మళ్లీ బస్సెక్కడమే. ఇంటర్నెట్టా? దేశంలో సామాన్యులకు అది అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. మన దాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. మోడెం కీచుమని అరిచి అరిచి చివరికి కలిసేది. ఇంట్లో ఎవరైనా ఫోనెత్తారా, పుటుక్కున తెగేది. మీ నాయనమ్మకు వాళ్లక్కతో మాట్లాడాలనిపించేది సరిగ్గా అప్పుడే. సరే, ఆ కథలోకి వెళితే తెల్లారుతుంది.

లైనులో ఉన్నంతసేపూ డబ్బు ఖర్చు కదా, అందుకని మెయిలు ముందు కాగితం మీద రాసుకుని, కొట్టివేతలన్నీ అయ్యాక ఎక్కించేవాళ్లం. అంత పొదుపుగా రాసుకునే రోజుల్లో కూడా తిట్టుకు మాత్రం జనం లోటు చేసేవాళ్లు కాదు. విచిత్రం చూడు!

ఈ పోట్లాటలు లైనక్స్ పుట్టినప్పుడే మొదలయ్యాయి. ఫిన్లాండులో, హెల్సింకి విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అని 21 ఏళ్ల కుర్రాడు. సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాను, పెద్దదేమీ కాదు అని 1991 ఆగస్టు 25న నలుగురికీ చెప్పాడు. ఆరు నెలలు తిరక్కుండానే ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసరు ఆండ్రూ టానెన్‌బామ్ లేచి, ఇది కాలం చెల్లిన పద్ధతి అన్నాడు. కుర్రాడు పని నేర్చుకున్నది ఆయన రాసిన మినిక్స్ అనే సిస్టం మీదే, అంటే గురువు లాంటివాడు. ఆయన మాటేమిటంటే కెర్నల్, అంటే సిస్టం గుండెకాయ, చిన్నగా ఉండాలి, మిగతా పనులు వేరింటి కాపురాల్లా విడివిడిగా సాగాలి, ఒకటి చెడినా తక్కినవి నిలవాలి. లైనస్‌ది ఉమ్మడి కుటుంబం, అందరికీ ఒకటే పొయ్యి. నా దగ్గర చదువుతుంటే నీకు మంచి మార్కులు పడేవి కావన్నాడు పెద్దాయన. కుర్రాడికి ఒళ్లు మండి నోటికొచ్చినట్టు జవాబిచ్చాడు. తర్వాత చల్లబడి, మాట తూలానని తనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి చెబుతా, నవ్వకు. అప్పట్లో తెరమీద తెలుగు చూస్తే ఏడుపొచ్చేది. ‘లక్ష్మి’ అని కొడితే ‘లక్‌ష్‌మి’ అని ముక్కలై పడేది. మీ నాయనమ్మ పేరే కదా, చూడలేకపోయాను. నెలరోజులు రాత్రిళ్లు కూర్చుని, ఏ హల్లు కింద ఏ ఒత్తు రావాలో ఒక్కొక్కటీ పట్టిక కట్టి, ఆ ప్రోగ్రాం చూసుకునేవాళ్లకు కొన్ని వందల వరసల ప్యాచ్, అంటే సవరణ, పంపాను. ఒక్క ముక్క జవాబు వచ్చింది: ఇలాంటి చెత్త పంపి మా పొద్దు పాడుచెయ్యకు అని.

చెత్తే నాయనా. అందులో అబద్ధం లేదు. రెండేళ్ల తర్వాత ఇంకో మహానుభావుడు నాలుగు వాక్యాల్లో చెప్పాడు: అన్నీ జాబితా కట్టక్కర్లేదు, పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా దించు, చాలు. కొన్ని వందల వరసలు నలభైకి దిగాయి. ఆ ముక్కే మొదటివాడు చెప్పి ఉంటే? పోనీ, నేను రెండేళ్లకైనా తిరిగొచ్చాను. నా పక్క కుర్చీలో ఒక పిల్లవాడు ఉండేవాడు, నాకంటే చురుకైనవాడు. వాడు కూడా ఏదో రాసుకుని పంపడానికి సిద్ధంగా ఉన్నాడు. నాకొచ్చిన జవాబు నా భుజం మీదుగా చదివి, తన ఫైలు మూసేశాడు. మళ్లీ తెరవలేదు. అలా మూసుకుపోయిన ఫైళ్లు ప్రపంచంలో ఎన్నో ఎవరు లెక్కపెట్టారు!

ఇలా తిట్టడమెందుకని అడిగితే పెద్దవాళ్ల జవాబు ఒకటే: రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎలా? పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలి కదా? 2012 చివర్లో లైనస్ తన సొంత మనిషి మీదే పెద్దపెద్ద అక్షరాలతో అరిచాడు. ఎందుకంటావ్? కెర్నల్ మార్పు వల్ల వాడుకదారు ప్రోగ్రాం చెడితే తప్పు కెర్నల్‌దే, వాడుకదారుది కాదు. ఆ నియమం బంగారం, దానికి నేను దండం పెడతాను. కానీ బంగారాన్ని బురదలో ముంచి ఇవ్వాలా? మర్నాడు అందరూ అరుపు గురించి మాట్లాడుకున్నారు, నియమం వెనక్కి పోయింది. మరుసటి ఏడు, యూఎస్‌బీ 3.0 కోడ్ రాసిన ఇంజనీరు షార్ప్ ఈ మాటే సూటిగా అడిగారు: పని బాగుండాలంటే మనిషిని తిట్టాలా? తిట్టకపోతే నా మాట బలంగా తగలదు, నేనింతే అన్నాడు లైనస్. 2015లో షార్ప్ ఆ పని వదిలేసి వెళ్లిపోయారు. అక్కడ నాకు లైనస్ మీద కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

అయితే మనిషి మారడనీ అనలేం. 2018 సెప్టెంబరులో, యాభైకి దగ్గరపడ్డాక, నా మాటతీరు తప్పు, క్షమించండి అని అందరిముందూ రాసి, సెలవు పెట్టి పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో కెర్నల్‌కు ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఇక మర్యాదలు చూసుకుంటూ కూర్చుంటే కోడ్ పాడైపోతుందని కొందరు గుండెలు బాదుకున్నారు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే ఆయన ఆ అక్టోబరులో లైనస్ బదులు కెర్నల్ 4.19ను విడుదల చేశాడు. లైనస్ తిరిగొచ్చాడు. అప్పటినుంచీ తొమ్మిది పది వారాలకొకటి చొప్పున కొత్తది వస్తూనే ఉంది. ఇల్లు అలకగానే పండగ కాదనుకో, గొడవలు ఇంకా ఉన్నాయి.

అన్నట్టు ఆ ప్రొఫెసరును నడిదారిలో వదిలేశాను కదూ. 2004లో అమెరికా నుంచి ఒకాయన ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్లి ఆయన్ని అడిగాడు: ఒక్క కుర్రాడు ఇంత రాయగలడా, మీ మినిక్స్‌లోంచి ఎత్తేశాడు కదా? పన్నెండేళ్ల నాటి మాటలకు బదులు తీర్చుకోవాలంటే అంతకంటే మంచి అదను ఏది? ఊఁ అంటే చాలు. టానెన్‌బామ్ మాత్రం, లైనక్స్ రాసింది లైనసే, నా దగ్గర దొంగిలించలేదు అని అందరికీ తెలిసేలా రాసి పెట్టాడు. చిన్న కెర్నలే మేలన్న తన పట్టు మాత్రం వదల్లేదు సుమా! ఆ ముచ్చట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది.

ఏదీ, పొద్దున నీకొచ్చిన జవాబు తెరువు. తిట్లు వదిలెయ్, కోడ్ గురించి ఏమన్నాడో అది మెల్లగా చదువు. నా కళ్లజోడు లోపలుంది.