అన్నదమ్ముల పోరు నుండి సాగర వాణిజ్యమునకు

రాజరాజ నరేంద్రుడనగానే నన్నయభట్టు, ఆంధ్ర మహాభారతము జ్ఞప్తికి వచ్చును. ఆయన సింహాసనము ఎంత అస్థిరమైనదో అంతగా జ్ఞప్తికి రాదు. తండ్రి విమలాదిత్యుని పిమ్మట సవతితమ్ముడు విజయాదిత్యుడు పోటీకి వచ్చుటచే క్రీ. శ. 1022 వరకు నరేంద్రునికి పట్టాభిషేకమే జరుగలేదు. జరిగిన పిమ్మటనైనను రాజ్యము చేజారుచు, మరల చేజిక్కుచు నుండెను. అన్నకు చోళులు, తమ్మునికి కల్యాణి చాళుక్యులు అండ. ఇంటిపోరు ఇట్లు పరుల పోరుగా మారి, వేంగి పొలములు యుద్ధభూములయ్యెను. కలిదిండిలో మడిసిన మువ్వురు చోళ సేనానుల స్మృతికై మూడు శివాలయములు కట్టించినట్లు నరేంద్రుని తామ్రశాసనము చెప్పుచున్నది. మడిసిన పల్లెవాండ్ర లెక్క ఏ శాసనమునను లేదు.

1061లో నరేంద్రుడు మరణింపగా వేంగి విజయాదిత్యుని పాలయ్యెను. నరేంద్రుని కుమారుడు రాజేంద్రుడు తల్లి వైపున చోళుల దౌహిత్రుడు. 1070లో చోళరాజు అధిరాజేంద్రుడు అలజడులలో మరణింపగా, ఈ వేంగి రాజకుమారుడే కులోత్తుంగుడను పేర చోళ సింహాసనమెక్కెను.

ఆయన గెలిచినదానికంటె వదలుకొనినది గమనింపదగినది. సింహళము చేజారినను దానికై దీర్ఘయుద్ధము సాగింపలేదు. 1086లో భూములు కొలిపించెను. ఇంగ్లాండు రాజు విలియము తన ప్రసిద్ధమైన భూముల లెక్క వ్రాయించినదియు ఆ సంవత్సరమే! కొలత లేనిదే పన్నులో న్యాయమెక్కడిది? సుంకములు మాన్పినవాడని కూడ ఆయనకు బిరుదు కలదు.

సుంకము తగ్గిన రేవునకు ఓడలు వచ్చును. నైరృతి పవనములతో తూర్పునకు పోయి, ఈశాన్య పవనములతో మరలుట ఆనాటి నావికుల పద్ధతి. 1077లో 72 మందితో చోళ రాయబారము చైనా చేరెను. సుమత్రా దీవిలోని బారుసు రేవులో 'అయిదువందలవారు' అను వర్తక సంఘము వేయించిన తమిళ శాసనము 1088 నాటిది. బారుసు కర్పూరమునకు ప్రసిద్ధి. అది నేడు మన దుకాణములలో దొరకు, ఎక్కువగా టర్పెంటైను నుండి తయారగు కర్పూరము కాదు. అడవిచెట్ల మానులలో గడ్డకట్టి దొరకు దినుసు. మన విశాఖపట్టణమునకు కులోత్తుంగచోళపట్టణమను మారుపేరు వచ్చినదియు ఈ కాలముననే.

అయితే కళింగము విషయమున ఆయన కత్తినే నమ్మెను. నర్సీపట్నము వంటి ప్రాంతములు ఆనాడు దక్షిణ కళింగములోనివి. ఆ దిక్కునకు రెండుమారులు సేనలను పంపెను. రెండవది, 1110 ప్రాంతమున కరుణాకర తొండైమాను నడపినది, తమిళమున ఒక పరణి కావ్యమునకే వస్తువయ్యెను.

ఇంతటి రాజు పుట్టినిల్లైన వేంగి మాత్రము రాజప్రతినిధులుగా వచ్చిన ఆయన కుమారుల పాలనలో ఒక మండలముగా మిగిలెను. 1118లో వారిలో ఒకడైన విక్రమచోళుడు దక్షిణమునకు తరలిపోగా, కల్యాణి చాళుక్యుల సేనలు దానిని ఆక్రమించెను.