అద్దె ఓడ మీద నిలబడి చూస్తే

పొద్దున్నే సంగం జాగర్లమూడి స్టేషనులో ప్యాసింజరు ఎక్కండి. రెండు వైపులా నల్లరేగడి మాగాణి. అంగలకుదురు దాటితే తెనాలి. ఈ మట్టి అడుగున కృష్ణా-గోదావరి బేసిన్ పడమటి అంచు ఉంది. చమురు వాళ్ల పటాల్లో బాపట్ల పేరుతోనే ఒక శిలాగట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి బేసిన్ తూర్పుకు సాగి సముద్రం కిందికి దిగుతుంది. మనమూ అటే పోదాం.

ఇప్పుడు మీ కాళ్ల కింద ఇనుప డెక్కు అదురుతోంది. కాకినాడ తీరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. హెల్మెట్ బిగించుకోండి, గాలి గట్టిగా ఉంది. ఈ ఓడ పేరు ఆర్మడా స్టెర్లింగ్ 5. సముద్రగర్భపు బావుల నుంచి గొట్టాల్లో ఎక్కివచ్చే చమురును, గ్యాసును, నీటిని ఇక్కడే విడదీస్తారు, చమురును ఇక్కడే నిల్వ చేస్తారు. 2024 జనవరి 7న మొదటి చమురు వచ్చింది. బావులు ఓఎన్జీసీవి, ఓడ అద్దెది.

కేజీ-98/2 అనే ఈ బ్లాకులో 90 శాతం వాటాను ఓఎన్జీసీ 2005లో కెయిర్న్ దగ్గర కొన్నది. అంటే మొదటి చమురుకు 19 ఏళ్లు! అన్వేషణ కాలం వదిలేసి, 2016లో పెట్టుబడికి బోర్డు ఒప్పుకున్నప్పటి నుంచి లెక్కేసినా దాదాపు ఎనిమిదేళ్లు. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే. అది చైనాకూ వచ్చింది. అక్కడి ప్రభుత్వ కంపెనీ సీనూక్ 2014లో లింగ్‌షుయ్ 17-2 క్షేత్రాన్ని కనిపెట్టి, దాదాపు 1500 మీటర్ల నీటి అడుగు నుంచి 2021 జూన్‌లో గ్యాసు తీసింది.

1982లో సీనూక్ పుట్టినప్పుడే దాని పని సముద్రమని తేల్చేశారు. విదేశీ కంపెనీలు చమురు కనుగొంటే అందులో 51 శాతం దాకా వాటా తీసుకునే హక్కు ఇచ్చారు. రిగ్గులకు ఒక అనుబంధ సంస్థ, ప్లాట్‌ఫారాల నిర్మాణానికి మరొకటి. అధిపతిని పార్టీ నియమిస్తుంది. ఆ పద్ధతి మనకొద్దు. ఎవరి పని ఏమిటో తేల్చిన తీరు మాత్రం కావాలి.

మన దగ్గర అదే తేలలేదు. 2014 మే, ఢిల్లీ హైకోర్టు. తన గ్యాసు పక్కనున్న రిలయన్స్ బ్లాకులోకి పోతోందని ఓఎన్జీసీ ఫిర్యాదు, రిలయన్స్ కాదంటోంది. ప్రతివాదుల్లో ఇంకెవరున్నారో చూడండి: ఓఎన్జీసీ యజమాని అయిన కేంద్ర ప్రభుత్వమే! పరిహారం వస్తే అది ప్రభుత్వానిదే, ఓఎన్జీసీది కాదని 2016లో జస్టిస్ ఏ.పి. షా కమిటీ చెప్పింది. తన హక్కు ఎంతవరకో తెలియని సంస్థ వేగంగా ఎలా అడుగేస్తుంది?

కాకినాడలో ఓఎన్జీసీకి తూర్పు ఆఫ్‌షోర్ విభాగం ఉంది. దానికి సొంత బడ్జెట్టు, ఢిల్లీకి పరుగెత్తకుండా నిర్ణయించే అధికారం ఇవ్వాలి. 1995లో ఓఎన్జీసీ వాళ్ల పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండగా చూసిన జనం ఈ తీరంవాళ్లే. వాళ్లకు జవాబు చెప్పే బాధ్యతనూ ఆ విభాగం మీదే పెట్టాలి.