కర్నలు ఫోర్డు – చందుర్తి యుద్ధము

ఆంధ్రదేశ చరిత్రమున బొబ్బిలి యుద్ధమునకు గల ప్రసిద్ధి చందుర్తి యుద్ధమునకు లేదు. బొబ్బిలికథను జంగములు తంబుర మీటుచు ఊరూర పాడిరి. దిట్టకవి నారాయణకవి దానిని రంగరాయచరిత్రమను కావ్యముగా రచించెను. చందుర్తి పేరన్ననో, పిఠాపుర ప్రాంతమువారికి దక్క ఇతరులకు బెక్కండ్రకు దెలియదు. అయినను, 1757 జనవరిలో బొబ్బిలికోట గూలుటచే నొక సంస్థానపు భాగ్యము మాత్రమే తలక్రిందు కాగా, 1758 డిసెంబరు 9వ తేదీని చందుర్తికడ జరిగిన పోరు గోదావరీతీరమున ఫ్రెంచివారి ప్రభుత్వమునకు మూలచ్ఛేదము గావించెను. ఆ పోరున గెలిచిన సేనాని ఫ్రాన్సిస్ ఫోర్డు. ఆతని వృత్తాంతమును, ఆతని విజయమునకు గల కారణములను సంగ్రహముగా విమర్శించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఫోర్డు ఇంగ్లీషువాడని మన పాఠ్యపుస్తకములు సాధారణముగా వ్రాయుచుండును. అతని జన్మభూమి ఐర్లండు. ఆ దేశమున డౌను మండలమునందలి సీఫోర్డు గ్రామమున భూస్వాముల కుటుంబమున బుట్టినవాడు. తండ్రి మాత్యూ ఫోర్డు ఐర్లండు పార్లమెంటున సభ్యత్వము వహించినవాడు. ఆ కాలమున భూస్వాముల యింట జ్యేష్ఠునకు భూమి దక్కగా, తక్కిన కుమారులు సైన్యమునో, మతాధికారమునో, వర్తకమునో యాశ్రయించుట వాడుక. ఫోర్డు సైన్యమున జేరి 1746లో 39వ పదాతిదళమున కప్తాను పదవి నందెను. ఇంగ్లండు రాజుయొక్క సేనలలో మొదట మన దేశమున నడుగిడినది యీ దళమే. అది 1754లో వచ్చెను. 1758లో క్లైవు కోరికపై ఫోర్డు రాజసేనలోని యుద్యోగమును వదలుకొని, బంగాళమున కంపెనీసేనకు క్లైవుతరువాతి సేనానిగా గుదిరెను. ఈ మార్పే ముందుముందు అతని కనర్థదాయక మయ్యెనని పాఠకులు గ్రహింపగలరు.

ఇక నాటి గోదావరీమండలపు స్థితి. 1753లో సలాబతుజంగు ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. బుస్సీ వాని పాలనమును జక్కబెట్టి, జమీందారుల తగవులను దనకు ననుకూలముగా ద్రిప్పుకొనుచుండెను. అతడు విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజునకు దోడై బొబ్బిలిపై నెత్తిపోయిన కథ సుప్రసిద్ధము. కోట పడిన పిదప విజయరామరాజు తన శిబిరమునందే తాండ్ర పాపారాయుని చేత మృతి చెందెను. అతని తరువాత గద్దె నెక్కిన ఆనంద గజపతిరాజు బుస్సీవలన దనకు న్యాయము కలుగలేదని కినిసియుండెను. 1758లో లాలీ యాజ్ఞచే బుస్సీ దక్షిణమునకు దరలిపోగా, కాన్ ఫ్లాను అను నతడు సర్కారులలో ఫ్రెంచిసేనాధిపతి యయ్యెను. ఇదియే యదనని యెంచి ఆనందరాజు విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి పట్టుకొని, దాని నింగ్లీషువారి కిచ్చెదనని చెన్నపట్టణమునకు వార్త నంపెను. అచ్చటివారు లాలీ భయముచే నే సాయమును జేయజాలమనిరి. రాజు కలకత్తాకు వ్రాసెను. క్లైవు తన సభ్యులలో బెక్కండ్రు వలదన్నను అంగీకరించి, ఫోర్డును సేనతో నోడలపై నంపెను.

ఇచట నొక విషయమును గమనింపవలెను. సర్కారులకు ఇంగ్లీషువారు తమంత దాము రాలేదు. వారిని పిలిచినది తెలుగుదొర. పిలుపు లేనిచో ఆ యేడు ఫోర్డు బంగాళమునందే యుండెడివాడు.

1758 అక్టోబరు 20వ తేదీని ఫోర్డు విశాఖపట్టణమున దిగెను. అతనితో వచ్చిన సేన సుమారు 500 మంది ఐరోపీయులు, 2,000 మంది సిపాయిలు, 6 ఫిరంగులు. ఆ కాలమున బంగాళమున సిపాయిలకు 'తిలంగాలు' అని పేరు. మొదట దక్షిణమునుండి క్లైవుతో బోయిన సేనలనుబట్టి యా పేరు రూఢమై, తరువాత నుత్తరదేశపు సిపాయిలకును వర్తించెను. తెలుగువారి పేరు మోసిన సిపాయిలు తెలుగునేలపై బోరుట కిట్లు వచ్చుట చిత్రమైన సంగతి.

కశింకోటయొద్ద ఫోర్డు సేనయు రాజుసేనయు గలిసికొనెను. రాజు సైన్యవ్యయమునకై నెలకు 50,000 రూపాయలును, సేనానాయకులకు 6,000 రూపాయలును ఇచ్చునట్లును, తనకు రాజమహేంద్రవరము స్వాధీనమైనప్పుడు ఆ సొమ్ము చెల్లించునట్లును ఒడంబడిక జరిగెను. ఈ కడపటి మాటను మఱవరాదు.

ఫ్రెంచిసేన పిఠాపుర ప్రాంతమున దండు విడిసియుండెను. అందు 500 మంది ఐరోపీయులు, 6,000 మంది సిపాయిలు, సుమారు 30 ఫిరంగులు గలవు. రాజుపక్షమున 5,000 కాలిబంట్లున్నను, తుపాకులు గలవారు కొందఱే. తక్కినవారి చేత నుండినవి ఈటెలును విండ్లును. బ్రిస్టలు అను నతని నాయకత్వమున రాజు కొలువున కొద్దిమంది ఐరోపీయులును 4 ఫిరంగులును గూడ నుండెను. ఇంగ్లీషు గ్రంథములలో కాండోరు యుద్ధమని పేర్కొనబడునది యీ చందుర్తి యుద్ధమే. ఆ గ్రామ మిప్పుడు కాకినాడ జిల్లాలో గొల్లప్రోలు మండలమున గలదు.

ఫోర్డు తన ఐరోపీయులను నడుమను, సిపాయిల నిరుప్రక్కలను నిలిపెను. నడిమి దళమున కెదుట ఎత్తుగ బెరిగిన చేనొకటి యడ్డముగా నుండెను. ఓర్మి దీనిని 'ఇండియను కారను' అనెను. ఆ మాటకు నేటివారు మొక్కజొన్న యని యర్థము చెప్పుదురుగాని, మెట్టసీమయగు నా ప్రాంతమున డిసెంబరులో నిలువెత్తు నిలిచియుండినది జొన్నచేనై యుండునని నా తలంపు. ఆ చేనిచే ఐరోపీయదళము శత్రువుల కంటబడలేదు. ఎఱ్ఱచొక్కాలు తొడిగిన బంగాళ సిపాయిలు మాత్రము కనబడిరి. దక్షిణదేశపు సిపాయిలకు అట్టి దుస్తు లుండవు గావున ఎఱ్ఱచొక్కాలవారే తెల్లవారని ఫ్రెంచివారు భ్రమపడిరి. ఆ భ్రమ తొలగకుండుటకై ఫోర్డు సిపాయిల చిన్నజెండాలను మడపించెను. ఫ్రెంచి ఐరోపీయదళము తన బలమునంతయు ఎడమప్రక్కనున్న సిపాయిలపై బ్రయోగించెను. సిపాయిలు తాళలేక వెనుకకు దీసిరి. గెలిచితిమను నుత్సాహమున ఫ్రెంచివారు వరుసలు చెడి వెన్నాడిరి. అంతట ఫోర్డు తన ఐరోపీయులను జేను దాటించి వారి ప్రక్కకు మరలించి కాల్పించెను. ఫ్రెంచి సేన చెదరి, ఫిరంగులను విడిచి పాఱెను. కాన్ ఫ్లాను గుఱ్ఱములను మార్చుకొనుచు ఇంచుమించు 40 మైళ్లు పరుగెత్తి ఆ రాత్రియే రాజమహేంద్రవరము చేరెను. కప్తాను నాక్సు సిపాయిలతో వెంటనంటగా ఫ్రెంచివారు కోటను వదలి గోదావరి దాటిరి.

ఇంగ్లీషు చరిత్రకారులు ఈ విజయమును ఫోర్డు బుద్ధిచాతుర్యమునకు బెట్టిరి. ఆతని చాతుర్యము కాదనరానిది. అయితే ఆ చాతుర్యము ఫలించుటకు వెల చెల్లించినవారెవరు? తెల్లవారికై యుద్దేశింపబడిన దెబ్బ దిన్నవారు సిపాయిలు. కనబడిన చొక్కారంగు చేతనే శత్రువుల ధాటి యంతయు వారిపై బడెను. నాయకుల పేర్లు చరిత్రమున నిలిచినవి. ఆ సిపాయిలలో నొక్కని పేరైనను మన చదువరు లెఱుగరు.

ఆనందరాజు సైనికులు ఎండిన చెఱువుగుంటలో దాగిరని ఓర్మి యాక్షేపించెను. తరువాతివా రా మాటనే వల్లించిరి. ఈటెలు విండ్లు పట్టినవారు 30 ఫిరంగుల కెదురు నిలువలేదనుట నిందకు గారణము కాజాలదు. రెండవ యాక్షేపణ సొమ్మునుగూర్చినది. రాజమహేంద్రవరము చేతబడినను రాజు పైకము నీయలేదనియు, అందుచే నించుమించు 50 దినములు వృథయై, బందరున ఫ్రెంచివారు మరల బలపడుట కవకాశము గలిగెననియు వ్రాసిరి. ఆలస్యమువలన నష్టము కలిగినమాట నిజము. ఒడంబడికప్రకారము రాజు ఋణస్థుడగుటయు నిజము. కాని పట్టణము పట్టినంతనే శిస్తు బొక్కసమున బడదు. జమీందారులు క్రొత్తప్రభువు నిలుచునో లేదో చూచిగాని కప్పము చెల్లింపరు. అప్పుడే లాలీ చెన్నపట్టణమును ముట్టడించుచుండెను. అక్కడినుండి ఫోర్డునకు ధనసాహాయ్యము వచ్చు నాశయు లేదు. ఇరువురును లేమిలోనే యుండిరి. రాజును లోభియనుటకంటె, బేరము నందలి లోపము నెన్నుట న్యాయము.

తుదకు చెన్నపట్టణమునుండి వచ్చిన ఆండ్రూసు మధ్యవర్తియై క్రొత్త యొడంబడిక గుదిర్చెను. 1759 జనవరి కడపట సేన కదలి, ఫిబ్రవరిలో ఏలూరును, మార్చి మొదటి వారమున బందరును జేరెను. అక్కడ ఫోర్డునకు వచ్చిన కష్టములు చందుర్తి కంటె ఘనమైనవి. జీతములందక ఐరోపీయ సైనికులు తిరుగబడిరి. దోపుడుసొమ్మును బంచెదనని ఫోర్డు వారిని సమాధానపఱిచెను. వెనుకనుండి ఫ్రెంచిదళ మొకటి రాజమహేంద్రవరమును మరల బట్టుకొనెను. సలాబతుజంగు పెద్దసేనతో బెజవాడకు వచ్చుచుండెను. భీతిల్లిన రాజు రాత్రివేళ దండు కదల్చుకొని పోవుచుండగా, పోవుదారి శత్రువుల పాలైనదని తెలిపి ఫోర్డతనిని మరలించెను. మందుగుండు రెండుదినములకే మిగిలెను. అట్టి స్థితిలో ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు బందరుకోటపై లగ్గలు పట్టించెను. నాక్సు బురదనేలవైపున మిథ్యాక్రమణము సలుప, ముఖ్యసేన బురుజుల నెక్కెను. తెల్లవాఱునప్పటికి కాన్ ఫ్లాను లొంగిపోయెను. బందీలైనవారి సంఖ్య పట్టినవారి సంఖ్యను మించియుండెను. 120 ఫిరంగులు చిక్కినవి. ఏప్రిలు 15వ తేదీని ఫ్రెంచివారి తోడుసేన ఓడలమీద వచ్చినది గాని అప్పటికే కోట చేయి దప్పినది.

తమ్ముడు నిజామలీ హైదరాబాదుపైకి వచ్చుచున్నాడని విని సలాబతుజంగు సంధి కంగీకరించెను. 1759 మే 14వ తేదీని బందరు, నిజాంపట్టణము, కొండవీడు మొదలగు భూములను కంపెనీకి వ్రాసియిచ్చి, ఫ్రెంచివారిని దన కొలువున నుంచుకొననని బాసచేసెను. పిలిచినవాడగు ఆనందరాజునకు దక్కినది తన పూర్వపు జమీయు, పూర్వపు కప్పమును మాత్రమే. అతడు కొలదికాలమునకే రాజమహేంద్రవరమున మసూచికముచే మరణించెను. 1765లో షాఆలము ఫర్మానాచేతను, 1766లో నిజాముతోడి సంధిచేతను సర్కారులు కంపెనీపాలైనవి.

ఫోర్డు మాత్రమేమి బాగుపడెను? బంగాళమునకు మరలి, 1759 నవంబరు 25వ తేదీని చించురాకడ డచ్చివారిని నిశ్శేషముగా నోడించెను. అయినను కంపెనీ డైరెక్టరు లతని పదవిని స్థిరపఱుపలేదు. ఆ సేనాధిపత్యము మఱియొక ఐర్లండువాడగు అయిరు కూటునకు లభించెను. ఈ కూటే 1760లో వందవాసికడ లాలీని జయించి, తరువాత బ్రిటిషు పార్లమెంటున సభ్యుడయ్యెను. ఓడిన లాలీ తండ్రియు ఐర్లండువాడే యగుట మఱియొక వింత. దేశము గోల్పోయిన జాతివారు రెండుపక్షముల నిలిచి, పరదేశముకొఱకు బోరిరి.

1769లో కంపెనీ తన వ్యవహారముల జక్కబెట్టుటకై వాన్సిటార్టు, స్క్రాఫ్టను, ఫోర్డు అను మువ్వురను నియమించి 'అరోరా' అను నోడపై నంపెను. ఆ డిసెంబరులో ఉత్తమాశాగ్రమును విడిచిన పిమ్మట ఆ యోడజాడ యెవరికిని దెలియలేదు. నౌకాభంగమును వర్ణించి ఆంగ్లకావ్యము రచించిన విలియం ఫాల్కనరు కవియు అందే యుండెను.

కావున చందుర్తి విజయమును జెప్పునప్పుడు ఫోర్డు పేరొక్కటియే చెప్పి యూరకుండుట తగదు. రాజు పిలుపును, బంగాళ సిపాయిల నెత్తురును, తెలుగుదొరల యన్యోన్యవైరమును గూడ జెప్పవలెను. బొబ్బిలికథ విని కంటతడి పెట్టు విద్యార్థి, ఆ పగ రెండేండ్లు తిరుగకుండగనే ఎచ్చటికి దారితీసినదో కూడ నెఱుగుట యావశ్యకము. ఉపాధ్యాయు లీ రెండుకథలను గలిపి బోధింతురేని మేలు.