ఇందూరు సీమలో తీగల వెదుకులాట

మంజీరా నదిపై 1923 మొదలు 1931 వఱకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూరు పర్యవేక్షణమున నిర్మింపబడిన నిజాంసాగరము ఇందూరు, బోధను ప్రాంతములకు కాలువనీటిని తెచ్చి చెఱకు సాగును విస్తరింపజేయుటయు, 1937లో బోధను చెంత శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలయుటయు చరిత్రకారులు విరివిగా వ్రాసిన విషయములే. ఆ చెఱకు వెంట వచ్చిన మోటారు బండ్లను, వాని లోపలి తీగలను, ఆ తీగలలో దాగిన లోపములను వెదకి పట్టిన పనివారిని గూర్చి పలికినవారు అరుదు.

నిజాం ప్రభుత్వపు రైలుశాఖ 1932 జూన్ నెలలో 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించెను. ఆ తరము బండిలో విద్యుత్తు మిక్కిలి స్వల్పము: ఒక డైనమో, ఒక కటౌటు, ఒక బ్యాటరీ, కొన్ని దీపములు, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు కాయిలో మాగ్నెటోయో. పూర్తిగా తెగిన తీగ ఎక్కడ నున్నను ఘడియలో దొరకెడిది. పనివానిని నిజముగా ఏడిపించినది వేఱొకటి: పూతలోపల సగము తెగి, బండి కుదిపినపుడు విడివడి, బండి నిలిచినంతనే మరల తాకి, అతని యెదుట ఏమియు ఎఱుగనట్లుండు తీగ.

చెఱకు నఱకు కాలమున ఎడ్లబండ్లకు తోడు లారీలును, పిదప ట్రాక్టరు ట్రాలీలును కర్మాగారమునకు బారులు తీర్చిన దినములలో ఇట్టి లోపములకు కొదువ యుండెడిది కాదు. గతుకుల బాట బిగింపులను సడలించును. పొలపు దుమ్ము కనెక్టరులలో చేరును. తొలకరి వాన ఆ దుమ్మును తడిపి విద్యుత్తునకు అడ్డదారి కల్పించును. ఇట్టి లోపములను వెదకి పట్టువానిని ఇచ్చటి జనులు ఉస్తాదని పిలుతురు. ఒక బల్బు, రెండు తీగలు, ఒక సూదిమొన కలిసిన టెస్ట్ ల్యాంపు అతని ఆయుధము. అయినను అంతకంటె గొప్ప పనిముట్టు అతని చేయి. ఇంజను నడుచుచుండగా తీగకట్టను జానెడు జానెడుగా కదలించుచు, దీపము రెప్పపాటు మసకబారు తావును అతడు కనిపెట్టును.

ఎర్తును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. బండి యినుప దేహమే బ్యాటరీకి తిరుగుదారి గనుక, ఇంజనునకును దేహమునకును నడుమనున్న జడతీగ బోల్టుక్రింద తుప్పు పట్టెనేని, హెడ్‌లైట్లు వేయగనే మీటరు ముల్లులు పెడదారి పట్టును, ఇండికేటరు వేసిన వేఱొక దీపము మినుకును. ఎఱుగనివాడు మొదట మీటరును, పిదప స్విచ్చిని మార్పించును. ఎఱిగినవాడు ఇంజను నడుపుచు దీపములన్నియు వెలిగించి, వోల్టుమీటరు ఒక కొసను బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవ కొసను ఇంజను లోహమునకును తాకించును. అంకె అర వోల్టును దాటెనా, దొంగ దొరకినట్లే.

1983 డిసెంబరున మారుతి 800 వెలువడిన పిదప కారు మధ్యతరగతి వాకిటికి వచ్చెను. అనంతరము కంప్యూటరులును, సెన్సారులును కారులోనికి వచ్చెను. ఆ కంప్యూటరులు తమలో తాము మాటలాడుకొనుటకై జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో వెల్లడించిన క్యాన్ పద్ధతి రెండు మెలికతీగలతో నడచును. ఆ తీగల కొసల నొక్కొక్కటిగా 120 ఓముల నిరోధకములుండును గనుక, బ్యాటరీ విప్పి కొలిచినపుడు 60 ఓములు కనబడవలెను. 120 కనబడినచో ఒక కొస తెగినదనియే యర్థము.

ఆ కంప్యూటరులు నమోదు చేసిన లోపపు కోడులను చదువు స్కానరు వచ్చిన పిదప ఉస్తాదుతో పనియేమని పలువురు తలచిరి; నాకు మాత్రము ఆ తలంపు తొందరపాటుగా తోచును. ఏ సర్క్యూటు మొఱపెట్టెనో స్కానరు చెప్పును గాని తీగ యెచ్చట సడలెనో చెప్పదు. పైగా దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొఱిగినట్లు, లోపము మాయమైన పిదపను కోడు నిలిచియుండును. మెచ్చదగినది అందలి ఫ్రీజ్ ఫ్రేము: లోపము తోచిన క్షణమున బండి వేగమెంత, ఇంజను వేడి యెంత అను వివరములు అందు నిలిచియుండును. నేర్పరి ఆ పరిస్థితినే మరల కల్పించును. తీగకట్టను వేడిచేయును, కనెక్టరుపై నీరు చిలుకరించును, స్కానరును తగిలించియే బండిని గతుకుల బాట పట్టించును.

2015 డిసెంబరున శక్కర్‌నగరపు కర్మాగారము మూతపడెను; తీగల చిక్కులు మాత్రము తీరలేదు. 2020 ఏప్రిలు నుండి అమలైన బి.ఎస్.6 కాలుష్య నియమములతో కారులలోని సెన్సారులు మఱింత పెరిగెను. యజమాని గల్ఫు దేశములకు వలసపోయిన యింట కారు నెలల తరబడి కదలకుండుటయు, ఎలుకలు తీగల పూత కొఱుకుటయు ఈ సీమకు అలవాటైన కథలు. పనివానికి చిక్కు మాత్రము కూలి దగ్గఱనే వచ్చును: క్రొత్త భాగము వెల బిల్లుపై చూపవచ్చును గాని, ఒక పూట వెదకి ఒక పిన్నును నొక్కి బిగించిన శ్రమను చూపుటెట్లు? “ఇంతేనా” అను యజమానికి అతడు వెదకిన గంటలు కానరావు. అందుచేతనే, వెదకకుండ భాగములు మార్చువాని దుకాణమే తఱచుగా నిండియుండును.