రెండో లైను

గుర్తింపు మీద వ్యాసం రాయమంటే మావాళ్ల నుంచి మసీదు గురించో, తలాక్ గురించో, బుర్ఖా గురించో వస్తుందని ఎదురుచూస్తారు. మేము రైలు పట్టాల గురించి రాయదలుచుకున్నాం. కాచిగూడలో బయల్దేరి, మూసీ దాటి, మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడల మీదుగా ఫలక్‌నుమా చేరి, అక్కణ్ణించి శంషాబాద్ మీదుగా మహబూబ్‌నగర్ పోయే లైను మాది. మాదంటే మా జాగీరని కాదు. మా ఇళ్ల వెనక గోడల పక్కనుంచి పోతుందని.

ఈ మాట అనగానే "మీ నిజాం వేయించిందే కదా" అంటారు. మెచ్చుకుంటూ అనేవాళ్లున్నారు, ఎత్తిపొడుస్తూ అనేవాళ్లున్నారు. రెండు నోళ్లలోనూ 'మీ' మాత్రం మారదు. నిజాం చేసిన మంచికీ చెడుకీ వారసత్వ ధ్రువపత్రం మా చేతిలోనే పెడతారు. ఆయన ఆస్తిలో చెంచాడు కూడా మా ఇంటికి రాలేదన్న సంగతి ఎవరూ అడగరు.

కాబట్టి కొంచెం చరిత్ర చెప్పుకోక తప్పదు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు 1874లో వచ్చింది. బ్రిటిష్ సైన్యానికి, వ్యాపారానికి అది అక్కరకొచ్చినంతగా రాజ్యంలో రైతుకు రాలేదు. 1883లో ఆ లైనును చాందా వైపు పొడిగించే పథకం వచ్చింది. రైలు నడిపేది లండన్‌లో పెట్టిన కంపెనీ, దాని పెట్టుబడికి వడ్డీ హామీ మాత్రం హైదరాబాద్ ఖజానా. నష్టమొస్తే కట్టేది శిస్తు కట్టే రైతు. ఆ ఒప్పందం కాగితాలు బయటపెట్టండి, జనానికి చెప్పండి అని నగరంలో కొందరు నిలదీశారు. సరోజినీనాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ వాళ్లలో ఒకరు. ఆయన్ని రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ఆయన పక్కన నిలబడ్డవాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నాడు. నిజాం రైలుకు జేకొట్టినవాళ్లు మా తాతల్లో ఉన్నట్టే, ఆ రైలు ఖర్చుకు లెక్క చెప్పమన్నవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ రాజ్యంలో జనం తరఫున లేచిన తొలి రాజకీయ ప్రశ్నల్లో రైలు ప్రశ్న ఒకటి. ఆ ప్రశ్న అడిగినవాళ్లలో ముసల్మానులున్నారని ఎన్ని పాఠ్యపుస్తకాల్లో చదివారు మీరు?

కంపెనీ చేతిలోని ఆ రైల్వేను ప్రభుత్వం 1930లో కొనుక్కుంది. రాజ్యం పోయాక, 1950లలో అది భారత రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే అయింది. పేర్లు మారాయి గానీ, పట్టాల కింద కంకర కొట్టిన గ్యాంగు కూలీకి, స్టేషన్లో పెట్టె మోసిన హమాలీకి ఏ పేరు కిందా పెద్దగా మారింది లేదు.

మా లైను ఇంకా తర్వాతిది. కాచిగూడ స్టేషను 1916 నాటిది. దక్షిణానికి పోయే ఈ దారి అప్పట్లో మీటర్ గేజి, ఒకటే లైను. రాకపోకలు తక్కువైన చోట ఒంటి లైను వేయడం ఆ కాలపు పొదుపు, అందులో తప్పు పట్టేదేం లేదు. 1990లలో గేజి మారి బ్రాడ్ గేజి అయింది. నగరం బయటి భాగం మాత్రం ఒంటి లైనుగానే మిగిలింది.

ఒంటి లైను మీద ప్రయాణం చేయనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. రెండు స్టేషన్ల మధ్య ఒక్క సమయంలో ఒక్క బండే ఉండాలి. వెనకటికి దానికో టోకెను ఉండేది. ఇనప గుండు, తోలు సంచిలో పెట్టి పెద్ద రింగుకు తగిలించి డ్రైవరుకు అందించేవాళ్లు. అది చేతికందితేనే బండి కదలాలి. ఎదురుగా ఇంకో బండి వస్తుంటే ఒకటి స్టేషన్లో పక్క లైనులోకి తప్పుకొని ఆగాలి. దాన్నే జనం 'క్రాసింగ్ పడింది' అంటారు. ఏది ఆగాలన్నది బండి హోదాను బట్టి. ఎక్స్‌ప్రెస్ కోసం ప్యాసింజరు ఆగుతుంది. ప్యాసింజరు కోసం ఎక్స్‌ప్రెస్ ఆగిందంటే ఎక్కడో ఏదో చెడిందన్నమాట. ఇంజనీర్లు దీన్ని లైను సామర్థ్యం అంటారు. పట్టా ఒకటే అయినప్పుడు కొత్త బండి వేస్తే ఉన్న బండి ఆలస్యమవుతుంది. అందుకే ఒంటి లైను మీద పది నిమిషాలకో లోకల్ అడగడానికి కూడా ఉండదు. అడిగితే, "లైను లేదు కదా" అంటారు. లైను వేయమంటే, "అక్కడ అంత రద్దీ లేదు కదా" అంటారు. బండే లేని చోట రద్దీ ఎక్కణ్ణించి వస్తుంది?

నగరానికి ఎంఎంటిఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. కొత్తగా భూమి కొనకుండా, ఉన్న రైలు లైన్లనే బాగుచేసి లోకల్ బండ్లు నడపడం దాని ఆలోచన. పేదవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే ఆలోచన ఈ నగరంలో ఇంకోటి రాలేదని మా అభిప్రాయం. బస్సుకంటే తక్కువ టికెట్. పాతబస్తీ ఆడవాళ్లు ముషీరాబాద్, సికింద్రాబాద్ వైపు పనికి పోయి చీకటి పడేలోగా ఇల్లు చేరడానికి అంతకంటే దిక్కు లేదు. అయితే మొదటి దశ దక్షిణాన ఫలక్‌నుమా దగ్గర ఆగిపోయింది. ఆపైన శివరాంపల్లి, బుద్వేల్, శంషాబాద్‌లోని ఉమ్దానగర్ దాకా 14 కిలోమీటర్లు అదే ఒంటి పట్టా.

(ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ అని ఒక బండి ఉంది. సికింద్రాబాద్ నుంచి హౌరా పోతుంది. ఫలక్‌నుమా రాదు. మా పేర్లు వాడుకోవడానికి మా స్టేషన్లలో ఆగాలన్న నియమం లేదు.)

ఆ 14 కిలోమీటర్లకు రెండో లైను రెండో దశలో ఉంది. 2012-13లో మంజూరైంది. ఆరు ముక్కలు కలిపి అంచనా 816 కోట్లు. రాష్ట్రం రెండు పాళ్లు, రైల్వే ఒక పాలు భరించాలని ఒప్పందం. ఆపైన జరిగింది, ఎవరి వాటా ఎవరివ్వలేదన్న తగువు. ఏళ్లు గడిచాయి.

ఇదే కాలంలో మెట్రో కూడా వచ్చింది. మొదటి దశ 2020 ఫిబ్రవరిలో పూర్తయిందన్నారు. పూర్తికానిది ఒక్కటే, పాతబస్తీలోకి రావాల్సిన ఐదున్నర కిలోమీటర్లు. దారిలో మసీదులు, అషూర్‌ఖానాలు, దర్గాలు, గుళ్లు అడ్డున్నాయని, అక్కడి జనం ఒప్పుకోరని చెప్పారు. రోడ్డు వెడల్పు చేస్తే నిజంగానే మనుషుల ఇళ్లు, దుకాణాలు పోతాయి. ఆ భయం ఉన్నవాళ్లు మాలోనూ ఉన్నారు, వాళ్లతో మాట్లాడటం ప్రభుత్వం పని. అక్కడ శంకుస్థాపనకు 2024 మార్చి 8 దాకా ఆగాల్సి వచ్చింది. సరే. కానీ రైలు లైనుకు ఆ సాకు లేదు కదా! 1916 నాటి దారి, దాని పక్కనే ఇంకో జత పట్టాలు. ఏ దర్గా అడ్డొచ్చింది? అయినా ఏళ్లు పట్టింది. అందుకే మేము మెట్రో కంటే ఈ 14 కిలోమీటర్లనే ఎక్కువ పట్టించుకుంటాం. అడ్డం మా మతం కాని చోట కూడా మేము ఆగాం. మతాన్ని పక్కనపెట్టి చూస్తే మిగిలిన కారణం కనబడుతుంది. ఇటు వైపు తొందరపడాల్సినవాళ్లెవరూ లేరని పైవాళ్ల లెక్క.

ఆగింది మేమొక్కళ్లమే అనుకుంటే మాదీ పొరపాటే. ఈ లైను అవతలి కొస మహబూబ్‌నగర్. పాలమూరు లేబర్ దేశమంతా ఆనకట్టలు కట్టింది. ఆ కూలీ మూటా ముల్లె సర్దుకుని నగరానికి ఎక్కేది ఈ బండే. షాద్‌నగర్‌లోనో, జడ్చర్లలోనో క్రాసింగ్ పడితే దుదేకులాయన, మాదిగాయన ఒకే బీడీ ముట్టించుకుని అదే ప్లాట్‌ఫారం మీద కూచున్నారు. ఈ సంగతి మావాళ్లలో కొందరు గుర్తుపెట్టుకోరు. పాతబస్తీ కష్టమంటే ముసల్మాను కష్టమే అన్నట్టు మాట్లాడతారు. ఉప్పుగూడలో, ఫలక్‌నుమాలో ఆ బండి కోసం నిలబడే హిందువుకు టైంటేబుల్ వేరే లేదు.

సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ డబ్లింగ్‌ను, విద్యుదీకరణను 2023 ఏప్రిల్ 8న ప్రధాని జాతికి అంకితం చేశారు. 85 కిలోమీటర్లు, సుమారు 1,410 కోట్లు. అదే రోజు 13 కొత్త ఎంఎంటిఎస్ సర్వీసులకు, తిరుపతి వందేభారత్‌కు జెండా ఊపారు. లోకల్ బండ్లు ఉమ్దానగర్ దాకా వచ్చాయి. ఉమ్దానగర్ నుంచి విమానాశ్రయం లోపలికి వేయాలన్న 6 కిలోమీటర్లు మాత్రం కాగితం దాటలేదు. 2008లో తెరిచిన ఆ విమానాశ్రయంలో ఊడ్చేవాళ్లు, సామాన్లు మోసేవాళ్లు, టాక్సీలు నడిపేవాళ్లు చాలామంది మా గల్లీలవాళ్లే.

2023 సెప్టెంబర్ 24న ఇదే లైను మీద కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ మొదలైంది. అది మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా ఆగకుండా దాటుతుంది. ఆగమని మేము అడగం, అది దూరం పోయే బండి. దాని కోసం ఇప్పుడు లోకల్ పక్కకు తప్పుకోనక్కర్లేదు, పట్టాలు రెండున్నాయి. యాకుత్‌పురా ప్లాట్‌ఫారం మీద నిలబడి మేము అడిగేది ఒకటే. ఆ రెండో పట్టా మీద మా లోకల్ ఎన్ని నిమిషాలకొకటి?