స్టూలు మీద నిల్చున్న మనిషి

అమెరికాలో పిల్లల వైద్యం గొప్పదని అనకాపల్లిలో మావాళ్లు అంటుంటారు. గొప్పదే, కాదనను. అయితే ఆ గొప్పతనం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, ఎవరి పిల్లలకు ముందు అందిందో, ఎవరి పిల్లలు ఎన్నాళ్లు గడప బయట ఉండిపోయారో మనదాకా చేరలేదు. నేనుండే బాల్టిమోర్‌లోనే ఆ కథలో ముఖ్యమైన ఘట్టం జరిగింది. ఇక్కడి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి పేరు మన దగ్గర డాక్టరు చదువు చదివినవాళ్లందరికీ తెలుసు. ఆ ఆసుపత్రిలో ఒక రోజు జరిగిన ఆపరేషన్ గురించీ, ఆ గదిలోనే ఉండి కూడా లెక్కలోకి రాని ఒక మనిషి గురించీ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఈ ఊరి సంగతి. బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలో బానిసత్వం రద్దయింది 1864లో. జాన్స్ హాప్కిన్స్ అనే వ్యాపారి 1873లో తన ఆస్తిని ధర్మకర్తలకు అప్పగిస్తూ, ఊళ్లోని పేద రోగులకు ఆడ మగ తేడా, వయసు తేడా, రంగు తేడా చూడకుండా వైద్యం చేయాలని కాగితం మీద రాసిపెట్టాడు. 1889లో ఆసుపత్రి తెరిచారు. నల్లవాళ్లను చేర్చుకున్నారు, కానీ వేరే వార్డుల్లో పడుకోబెట్టారు. మరుగుదొడ్లు వేరు. ఆ గోడల లోపల నల్లవాళ్లకు దొరికే ఉద్యోగం ఊడ్చి తుడిచేదే. రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్లవాళ్లం కాబట్టి ఇదంతా మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే ఆసుపత్రికి చెందిన వైద్యకళాశాల 1893లో మొదలైనప్పుడు కొందరు సంపన్న స్త్రీలు పెద్ద మొత్తం విరాళమిచ్చి, మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లను చేర్చుకోవాలని షరతు పెట్టారు. ఆ షరతు వల్లే హెలెన్ టాసిగ్ డాక్టరు కాగలిగింది. ఆడవాళ్లకు వైద్యపట్టా ఇవ్వని హార్వర్డ్‌ను దాటుకుని ఇక్కడికొచ్చి 1927లో పట్టా తీసుకుంది. 1930 నుంచి పిల్లల గుండెజబ్బుల క్లినిక్ నడిపింది. ఆమెకు చెవుడు వచ్చింది. స్టెతస్కోపు పనికిరాకపోతే పిల్లల ఛాతీ మీద చేతివేళ్లు ఆనించి గుండె తీరు పట్టుకోవడం నేర్చుకుంది.

ఆమె దగ్గరికి వచ్చే పిల్లల్లో పెదాలూ గోళ్లూ నీలంగా ఉండేవాళ్లు ఎక్కువ. నాలుగడుగులు వేస్తే ఆయాసమొచ్చి గొంతుక్కూర్చునేవాళ్లు. మన దగ్గర ‘గుండెకు చిల్లు’ అంటామే, వీళ్లకు ఆ చిల్లుతోపాటు ఊపిరితిత్తులకు వెళ్లే దారి కూడా ఇరుకై ఉంటుంది. తగినంత రక్తం ఊపిరితిత్తులకు చేరదు, ఒంటికి ప్రాణవాయువు చాలదు. అప్పటికి దానికి మందూ లేదు, కోతా లేదు. పిల్లల్ని చూస్తూ ఊరుకోవడమే. ఊపిరితిత్తులకు ఇంకో దారిన రక్తం పంపగలిగితే వీళ్లు బతుకుతారని టాసిగ్‌కు తోచింది. 1943లో సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్‌ను అడిగింది. ఆ మాట అక్కడే ఉన్న మరో మనిషి కూడా విన్నాడు. అతని పేరు వివియెన్ థామస్.

థామస్ 1910లో లూసియానాలో పుట్టాడు, టెనెసీలోని నాష్‌విల్‌లో పెరిగాడు. తండ్రి వడ్రంగి. కొడుకు కూడా చెక్కపని చేస్తూ డాక్టరు చదువుకోసం డబ్బు దాచుకున్నాడు. ఆర్థికమాంద్యంలో బ్యాంకు మూతపడి ఆ డబ్బంతా పోయింది. అప్పటికే, అంటే 1930లో ఇంకా ఇరవై నిండకుండానే, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బ్లేలాక్ ప్రయోగశాలలో పనికి కుదిరాడు. కొద్దికాలానికే ఆపరేషన్లు చేయడం, లెక్కలు రాయడం, పరికరాలు తయారుచేయడం అన్నీ పట్టుబడ్డాయి. గాయపడినవాళ్లు షాక్‌లోకి వెళ్లడానికి కారణం శరీరంలోంచి రక్తమూ ద్రవాలూ పోవడమేనని వాళ్లిద్దరూ కలిసి చేసిన పరిశోధన రెండో ప్రపంచయుద్ధంలో ఎందరో సైనికుల ప్రాణాలు నిలిపింది. జీతాల పట్టీలో మాత్రం థామస్ ఊడ్చేవాడి కిందే లెక్క. 1941లో బ్లేలాక్ బాల్టిమోర్‌కు వస్తూ అతన్ని వెంట తెచ్చాడు. తెల్లకోటు వేసుకున్న నల్లవాడు వరండాలో నడుస్తుంటే ఆసుపత్రిలో అందరూ తలలు తిప్పి చూసేవాళ్లు. అందుకని భవనం మారాల్సి వచ్చినప్పుడల్లా కోటు విప్పేసి మామూలు బట్టల్లో వెళ్లేవాడు.

టాసిగ్ అడిగిన ప్రశ్నకు జవాబు వెతికే పని థామస్ మీద పడింది. ముందు కుక్కల్లో ఆ జబ్బును తెప్పించాలి, ఆ తర్వాత దాన్ని సరిచేయాలి. దాదాపు రెండేళ్లు, రెండువందల కుక్కల దాకా పట్టింది. చేతికి వెళ్లే ధమనిని మళ్లించి ఊపిరితిత్తుల ధమనికి కుట్టడం అతను తేల్చిన ఉపాయం. పసిపిల్లల రక్తనాళాలు అగ్గిపుల్లంత కూడా ఉండవు. వాటికి సరిపోయే సూదులు ఎక్కడా అమ్మరు. ఉన్న సూదుల్ని తుంచి, సానబెట్టి, పట్టుకారుల్ని మార్చి, వడ్రంగం నేర్చిన ఆ చేతులతోనే సిద్ధం చేసుకున్నాడు.

1944 నవంబర్ 29న పదిహేను నెలల పాపను బల్లమీద పడుకోబెట్టారు. పేరు ఐలీన్ సాక్సన్. బరువు నాలుగు కిలోలకు కాస్త అటూఇటూ. కత్తి పట్టింది బ్లేలాక్. సాయం చేసింది విలియం లాంగ్‌మైర్. మత్తు ఇచ్చింది మెరెల్ హార్మెల్. తర్వాతి కాలంలో ప్రపంచప్రసిద్ధుడైన డెంటన్ కూలీ అప్పటికి ఇంటర్న్, ఆ గదిలోనే ఉన్నాడు. టాసిగ్ పాప తల దగ్గర నిలబడింది. బ్లేలాక్ భుజం వెనక స్టూలు వేయించుకుని దానిమీద థామస్ నిల్చున్నాడు. అతను అక్కడ లేకపోతే బ్లేలాక్ మొదలుపెట్టనన్నాడు. ఈ కుట్టును బ్లేలాక్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు వేసినవాడు థామస్ కదా. సూది ఎటునుంచి దించాలి, కుట్ల మధ్య ఎంత ఎడం ఉండాలి అని బ్లేలాక్ అడుగుతూ ఉన్నాడు, వెనకనుంచి థామస్ చెబుతూ ఉన్నాడు.

ఆ పాప కొన్ని నెలలే బతికింది. కానీ దారి దొరికింది. 1945 ఫిబ్రవరిలో మూడో ఆపరేషన్ అయిన ఆరేళ్ల బాబుకు బిగింపులు వదిలేసరికి బల్లమీదే పెదాలు నీలం పోయి ఎర్రబడ్డాయి. ఏడాది తిరిగేసరికి రెండువందలకు పైగా పిల్లలకు ఇక్కడ ఆ ఆపరేషన్ అయింది. దేశదేశాల నుంచి తల్లులు నీలం తిరిగిన పిల్లల్ని ఎత్తుకుని బాల్టిమోర్ చేరారు. 1945 మే నెలలో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన వ్యాసం మీద రెండు పేర్లున్నాయి, బ్లేలాక్, టాసిగ్. ఆపరేషన్‌కు కూడా ఆ ఇద్దరి పేర్లే స్థిరపడ్డాయి. థామస్ పేరు ఎక్కడా లేదు. ఇల్లు గడవక, బ్లేలాక్ ఇంట్లో విందులకు మద్యం అందించే పనికి కూడా అతను వెళ్లేవాడు. పగలు తన దగ్గర కుట్లు నేర్చుకున్న డాక్టర్లే సాయంత్రం గ్లాసులు అందుకున్నారు.

ఇక్కడ నేను చెప్పదలుచుకున్న మాట ఒకటుంది. థామస్‌ను తెల్లకోటులో చూసి తలతిప్పిన చూపే నల్లబిడ్డను వేరే వార్డుకు తోసింది. పనిచేసినవాడి పేరు దాచడమూ, జబ్బుపడ్డ పిల్లవాణ్ణి గడప దాటనివ్వకపోవడమూ ఒకే చోట పుట్టిన అన్యాయాలు. గుర్తింపు అనేది శాలువా కప్పే మర్యాదకు సంబంధించిన విషయమని మనం అనుకుంటాం. ఈ దేశచరిత్ర చదివాక నాకు అలా అనిపించడం లేదు. ఎవరి పనిని లెక్కలోకి తీసుకోరో, వాళ్ల పిల్లల రోగాలూ లెక్కలోకి రావు.

దీనికి రుజువు కూడా ఈ దేశమే ఇచ్చింది. 1946లో ఆసుపత్రుల నిర్మాణానికి కేంద్రం డబ్బిచ్చే చట్టం వచ్చినప్పుడు, నల్లవాళ్లకు వేరేగా పెట్టినా పరవాలేదని ఆ చట్టంలోనే రాశారు. 1963లో న్యాయస్థానం ఆ వాక్యాన్ని కొట్టేసింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో వృద్ధుల వైద్యానికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. మెడికేర్ డబ్బు కావాలంటే వార్డులు కలపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. 1966లో కొద్దినెలల్లోనే వెయ్యి దాకా ఆసుపత్రులు అడ్డుగోడలు తీసేశాయి. మిసిసిపీ రాష్ట్రంలో ఆ మార్పు తర్వాత విరేచనాలతోనూ న్యుమోనియాతోనూ చనిపోయే నల్లపిల్లల సంఖ్య బాగా పడిపోయిందని ఆర్థికవేత్తలు లెక్కతీశారు. అప్పుడు కొత్త మందేమీ రాలేదు. గడప దాటనిచ్చారు, అంతే. ఇదంతా అయ్యాక 1967లోగానీ హాప్కిన్స్ వైద్యకళాశాల నుంచి నల్లవిద్యార్థులు పట్టా పుచ్చుకోలేదు. ఇప్పటికీ ఈ దేశంలో ఏడాదిలోపు చనిపోయే నల్లబిడ్డల శాతం తెల్లబిడ్డల శాతానికి రెట్టింపు. గొప్ప వైద్యం ఉన్న దేశం అన్నప్పుడు ఈ అంకె కూడా పక్కన పెట్టుకోవాలి.

థామస్‌కు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. అతని దగ్గర పని నేర్చుకున్న సర్జన్లే పూనుకుని 1971లో అతని తైలవర్ణచిత్రం వేయించారు. 1976లో హాప్కిన్స్ గౌరవ డాక్టరేట్ ఇచ్చి, బోధకుల్లో చేర్చుకుంది. 1985లో పోయాడు. ఈమధ్య వైద్యపుస్తకాల్లో ఆ ఆపరేషన్‌కు బ్లేలాక్, టాసిగ్, థామస్ అని మూడు పేర్లూ కలిపి రాస్తున్నారు.

మన మనిషి కథా ఒకటి ఈ దేశంలోనే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించాడు. 1940లో లెడర్లీ మందుల సంస్థకు వెళ్లాడు. ఆయన బృందంలో రసాయనశాస్త్రవేత్త డోరిస్ సీగర్, మరికొందరు కలిసి తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చాడు. 1948లో అచ్చయిన ఫార్బర్ వ్యాసంలో పదహారు మంది పిల్లల్లో పదిమందికి కొన్నాళ్లపాటు జబ్బు తగ్గింది. అంతకుముందు ఆ జబ్బు తగ్గడమన్నదే లేదు. ఆ వరసలోనే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల రక్తకేన్సర్‌కు వాడుతున్నారు. ఫార్బర్ పేరు బోస్టన్‌లో పెద్ద కేన్సర్ సంస్థకు ఉంది. సుబ్బారావు పేరు ఈ దేశంలో తెలిసినవాళ్లు తక్కువ. సీగర్ పేరు మనకూ తెలియదు.

ఇప్పుడు మన జిల్లాకు వస్తాను. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా అయింది. బెల్లం మార్కెట్ ఉన్న పట్నానికి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి దూరం కాదు. కానీ మాడుగుల, రావికమతం, గొలుగొండ మండలాల కొండ గ్రామాల నుంచి జబ్బుచేసినవాళ్లను డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు పేపర్లలో ఇంకా చదువుతున్నాను. అలాంటి ఊళ్లో పుట్టిన బిడ్డకు పెదాలు నీలంగా ఉన్నాయని ముందు చూసేది సర్జన్ కాదు. కాన్పయ్యాక 42 రోజుల్లోపు కనీసం ఆరుసార్లు ఇంటికి వెళ్లాల్సిన ఆశా కార్యకర్త చూస్తుంది. ఆమె ఏఎన్ఎంకు చెబుతుంది. 2013లో మొదలైన బాలల స్వాస్థ్య కార్యక్రమంలో డాక్టర్లు, ఏఎన్ఎం, ఫార్మసిస్టు ఒక బృందంగా ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లల్ని పరీక్షించాలి. అక్కడినుంచి 108 డ్రైవరు, ఎకో తీసే టెక్నీషియన్, కాగితాలు సరిచూసే ఆరోగ్యమిత్ర, మత్తు డాక్టరు, రాత్రి ఐసీయూలో నర్సు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదింటి పిల్లలకూ గుండె ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. అది ఎంత పెద్ద మార్పో బాల్టిమోర్‌లో కూర్చుని చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కానీ ఆ వరసలో ఒక్కరు తప్పుకున్నా బిడ్డ ఆపరేషన్ బల్లదాకా రాదు. ఫోటోలో మాత్రం సర్జనూ, నాయకుడూ ఉంటారు.

2022 మేలో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశంలోని పదిలక్షలకు పైగా ఆశా కార్యకర్తలను ఒక్క బృందంగా గుర్తించి పురస్కారమిచ్చింది. మంచి పని. అదే జిల్లాస్థాయిలో జరగాలని నా కోరిక. ఏటా జనవరి 26న పరేడ్ మైదానంలో కలెక్టరు ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు ఇస్తారు. అవి మనిషికొకటి, శాఖవారీగా. దాని బదులు ఆ ఏడాది బతికి బయటపడ్డ ఒక బిడ్డ కేసు తీసుకుని, మొదట చూసిన ఆశా నుంచి చివర కట్టు విప్పిన నర్సు దాకా అందరినీ ఒకే పత్రం మీద రాసి, అందరినీ ఒక్కసారే పిలవండి. ఎంపిక రోడ్డులేని ఊళ్లనుంచి మొదలుపెట్టండి. డోలీ మోసిన వాళ్లనూ పిలవాలి. వాళ్లు ఏ శాఖకూ చెందినవాళ్లు కారు, దరఖాస్తులో వాళ్లకు గడి ఉండదు. ఆ గడి కొత్తగా గీయించి, వాళ్ల ఊరికి రోడ్డు ఏ నెలలో పడుతుందో కూడా అదే వేదిక మీద చెప్పించండి.